డొక్కలు కనిపిస్తే కుక్క చిక్కిపోయినట్టేనా? రాజపాళయం పెంపకంలో తిండి, ఆరోగ్యం

రాజపాళయం కుక్కను తెచ్చుకున్న ఇంట్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఏంటండీ, దీనికి తిండి పెట్టట్లేదా? డొక్కలు బయటపడిపోయాయి!" పాలు పోసే ఆయన అంటాడు, ఊరి నుంచి వచ్చిన మేనత్త అంటుంది, పక్కింట్లో లాబ్రడార్‌ను పెంచేవాళ్లు మరీ అంటారు. నాలుగుసార్లు వినేసరికి పెంచేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఇంకో గరిటెడు అన్నం, ఇంకో గ్లాసు పాలు, పైన రెండు చెంచాల కాల్షియం సిరప్. పెట్టేది ప్రేమతోనే. కానీ ఈ జాతికి వచ్చే చాలా ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి. తిండి లేక పాడైన రాజపాళయాల కన్నా, పక్కింటి కుక్కలా కనిపించాలని మేపడం వల్ల పాడైనవే నేను ఎక్కువ చూశాను. దీని ఒంటి తీరు వేరు. ఆ తీరు ఒకసారి బోధపడితే పళ్లెంలో ఏం వేయాలన్న దగ్గర్నుంచి రక్తపరీక్ష రిపోర్టును ఎలా చదవాలన్న దాకా చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అంచున ఉన్న రాజపాళయం దీని సొంతూరు. శతాబ్దాల కిందట తెలుగు నేల నుంచి వలస వెళ్లిన రాజుల కుటుంబాలు స్థిరపడ్డ ఊరది. ఆ ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన కుమారస్వామి రాజాది కూడా ఆ ఊరే. పాళెగార్ల కాలం నుంచి అడవి పందుల వేటకు, పొలాల కాపలాకు పెంచిన కుక్క కాబట్టి దీన్ని పాళెగార్ల కుక్క అని కూడా అంటారు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద విడుదల చేసిన నాలుగు బిళ్లల్లో ఇదొకటి, ముధోల్ హౌండ్ ఇంకొకటి. మగ కుక్క భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మచ్చలేని తెలుపు, గులాబీ రంగు ముక్కు, లోతైన ఛాతీ, లోపలికి లాక్కుపోయిన పొట్ట, పొడవాటి కాళ్లు, పల్చటి చర్మం.

ఈ వర్ణన అందం కోసం చెప్పింది కాదు. ఇందులో ఒక్కో లక్షణం వెనక ఒక్కో జాగ్రత్త ఉంది. లోతైన ఛాతీకి ఒకటి, పల్చటి చర్మానికి ఒకటి, తెల్లటి రంగుకు ఒకటి.

ముందు డొక్కల సంగతి

చూపుతో వేటను పట్టి, ఒక్క దౌడులో అందుకునే జాగిలాల కోవలోది ఇది. వీటికి చర్మం కింద కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న రాజపాళయం పక్క నుంచి చూస్తే చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తాయి. కనిపించాలి కూడా. అవి పూర్తిగా కప్పబడిపోయాయంటే బరువు ఎక్కువైందని అర్థం.

చిక్కిపోయిందా లేదా అన్నది కంటితో కాదు, చేత్తో తేల్చుకోవాలి. మీ అరచేతిని బల్ల మీద బోర్లించి, మరో చేతి వేళ్లతో వెనకవైపు ఎముకల మీద నిమరండి. కుక్క డొక్కల మీద నిమిరినప్పుడూ అలాగే తగిలితే బరువు సరిపోయినట్టు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా గుచ్చుకుంటే తక్కువ. అరచేతి లోపలివైపులా మెత్తగా ఉండి ఎముక వెతుక్కోవాల్సి వస్తే ఎక్కువ. తర్వాత తొడ పట్టుకోండి. తొడ గట్టిగా, నిండుగా ఉండి డొక్కలు కనిపిస్తుంటే ఆ కుక్క భేషుగ్గా ఉంది. తొడ కండ కరిగి, వెన్నుపూసలు వరుసగా పొడుచుకొచ్చి, తుంటి ఎముకల మధ్య గుంట పడితే మాత్రం అది నిజమైన చిక్కడం. అప్పుడు కూడా ముందు చూడాల్సినవి నులిపురుగులు, పిడుదుల జ్వరం. గరిటె పట్టుకోవడం ఆ తర్వాత.

సన్నగా ఉంచడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు ఒక అధ్యయనం గురించి చెప్పాలి. అమెరికాలో ఒక దాణా కంపెనీ 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టి, బతికినంత కాలం గమనించింది. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. తిండికి అంత ఆబగా ఉండే లాబ్రడార్ విషయంలోనే అలా ఉంటే, సన్నగా ఉండడానికే పుట్టిన జాగిలాన్ని బొద్దుగా చేయడంలో అర్థం లేదు.

నెలకోసారి బరువు చూసి రాసి పెట్టుకోండి. ఇంట్లో తూకం కుదరకపోతే ఎరువుల కొట్టులో బస్తాలు తూచే కాటా మీద నిలబెడితే చాలు.

పళ్లెంలో ఏముంది?

పశువైద్యుల లెక్క ప్రకారం 25 కిలోల కుక్కకు పడుకుని ఉన్నా రోజుకు సుమారు 780 కేలరీలు కావాలి. ఇంట్లో తిరుగుతూ, పొద్దున సాయంత్రం నడిచే కుక్కకు అది 1250 దాకా వెళ్తుంది. మామిడితోటలోనో పొలంలోనో రోజూ దౌడు తీసేదానికి 1500 కూడా పట్టవచ్చు.

ఇప్పుడు మన ఇళ్లలో పెట్టే మామూలు భోజనం తీసుకుందాం. రెండు పూటలకూ కలిపి 700 గ్రాముల వండిన అన్నం, 200 గ్రాముల పెరుగు. కేలరీలు దాదాపు 1030. ప్రొటీన్ మాత్రం 26 గ్రాములే. ఈ కుక్కకు రోజుకు కనీసం 55 నుంచి 60 గ్రాములు అందాలి. అంటే సగం కూడా రావట్లేదు. డొక్కలు కనిపిస్తున్నాయని మరో 300 గ్రాముల అన్నం వేశామనుకోండి. కేలరీలు 1400 దాటతాయి, ప్రొటీన్ 34 దగ్గరే ఆగిపోతుంది. ఫలితం కళ్లముందే కనిపిస్తుంది: పొట్ట గుండ్రంగా అవుతుంది, తొడలు సన్నబడతాయి, బొచ్చు మెరుపు తగ్గుతుంది. "ఎంత పెట్టినా ఒళ్లు చేయట్లేదు" అని వాపోయే ఇళ్లలో పళ్లెం చూస్తే చాలాసార్లు ఇదే లెక్క.

అదే కుక్కకు 350 గ్రాముల అన్నం లేదా రాగి సంగటి, 350 గ్రాముల ఉడికించిన బోన్‌లెస్ చికెన్, రెండు గుడ్లు, ఒక చెంచా నూనె పెడితే కేలరీలు 1250 దగ్గరే ఉంటాయి, ప్రొటీన్ 110 గ్రాములు దాటుతుంది. ఖర్చు భారం అనుకుంటే చికెన్ 200 గ్రాములకు తగ్గించి మరో రెండు గుడ్లు కలిపి, అన్నం కొంచెం పెంచుకోవచ్చు. అప్పుడూ ప్రొటీన్ 80కి తగ్గదు. కార్జం వారానికి ఒకటి రెండుసార్లు, నాలుగు ముక్కలు చాలు. రోజూ అదే పెడితే ఎ విటమిన్ ఎక్కువై ఎముకలకే చేటు.

ఇక్కడితో భోజనం పూర్తయిందనుకోకూడదు. చికెన్, అన్నం కలిపిన పళ్లెంలో కాల్షియం దాదాపు లేనట్టే. పెద్ద కుక్కకు రోజుకు 1.5 గ్రాములకు పైగా కావాలి. రాగుల్లో ఉంటుంది కదా అంటే, 150 గ్రాముల రాగి పిండిలో అరగ్రాము వస్తుంది, అందులోనూ కొంత ఒంటబట్టదు. కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడిచేసిన గుడ్డు పెంకు ఒక టీ చెంచాలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంటి తిండి తినే పెద్ద కుక్కకు ఆ లోటు అలా పూడ్చవచ్చు. కానీ జింకు, రాగి లోహం (కాపర్), అయోడిన్, డి, ఇ విటమిన్లు అప్పటికీ తక్కువే ఉంటాయి. తిండిలో గింజలు ఎక్కువై జింకు అందకపోతే మూతి చుట్టూ, కళ్ల చుట్టూ చర్మం మందంగా, పొట్టులా లేస్తుంది. తెల్లటి కుక్కలో ఇది చూసి గజ్జి అనుకుని మందులు పూసేవాళ్లున్నారు. కుక్కల కోసం తయారైన మినరల్ పొడిని బరువును బట్టి డాక్టరు చేత రాయించుకోండి. ఇంట్లో ఉంది కదా అని ఆవులకు వేసే మినరల్ మిక్స్చర్ వేయొద్దు, ఆ పాళ్లు వేరు.

డ్రై ఫుడ్ పెట్టేవాళ్లకు ఈ లెక్కల బాధ లేదు. పెద్ద జాతుల కోసం చేసిన మంచి దాణా అయితే రోజుకు 350 గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది. సంచి మీద కేలరీలు చూసి సరిచేసుకోవాలి. రెండూ కలిపి పెట్టినా తప్పులేదు. కలిపినప్పుడు రెండూ పూర్తిగా పెట్టడమే తప్పు.

పెట్టకూడనివి చెప్పాలంటే, మన వంటింట్లో మొదటిది ఉల్లిపాయ. వెల్లుల్లీ అంతే. రెండూ ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కూరలో కలిసిపోయినవీ అంతే చెడు చేస్తాయి కాబట్టి కూర కలిపిన అన్నం వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయి. పండగనాడు పాయసం గిన్నె నాకనివ్వకండి. ఉడికిన ఎముకలు చీలి సూదుల్లా పేగుల్లో దిగుతాయి. ఆదివారం బిర్యానీ బొమికలు ఎంత ప్రేమగా దాచి తెచ్చినా చెత్తబుట్టలోకే పోవాలి.

పిల్లప్పుడు చేసే పొరపాటు

కాల్షియం సిరప్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఒకే సీసా ఒక ఇంట్లో మందు, ఇంకో ఇంట్లో విషం.

పెద్ద జాతి కుక్కపిల్ల పేగులకు దాదాపు ఆరు నెలలు వచ్చేవరకు కాల్షియాన్ని వద్దని తిప్పికొట్టే శక్తి సరిగా ఉండదు. ఎంత పోస్తే అందులో పెద్ద భాగం లోపలికి వెళ్లిపోతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. కాల్షియం ఎక్కువ తిన్న పిల్లల్లో ఎముక లోపల సహజంగా జరగాల్సిన మార్పు ఆగిపోయి, మృదులాస్థి దెబ్బతిని, కాళ్లు వంకర తిరిగాయి. ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. పెద్ద జాతి పిల్లలకని చేసిన దాణాలో కావాల్సిన కాల్షియం ముందే ఉంటుంది. దాని మీద సిరప్ పోస్తే ముందుకాళ్లు వంగుతాయి. వంగాయి కాబట్టి కాల్షియం చాల్లేదనుకుని డోసు పెంచుతారు. కాళ్లు ఇంకా వంగుతాయి.

రెండో ఇంట్లో కథ తిరగబడుతుంది. అక్కడ పిల్లకు పెట్టేది మాంసం, అన్నం మాత్రమే. మాంసంలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పదిహేను ఇరవై రెట్లు ఎక్కువ. రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి ఒళ్లు తన ఎముకలనే కరిగించుకుంటుంది. ఆ పిల్ల కాళ్లూ వంగుతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. దానికి కాల్షియం కావాలి. బయటి నుంచి చూస్తే రెండు పిల్లలూ ఒకేలా కుంటుతాయి. ఎక్స్‌రే తీసి, ఏం తింటోందో వివరంగా చెబితే తప్ప డాక్టరు కూడా తేల్చలేరు. కాబట్టి పిల్ల కుంటగానే మందుల షాపుకు కాదు, రాసుకున్న తిండి లెక్కతో ఆస్పత్రికి వెళ్లండి.

పొద్దున్నే ఎండలో కట్టేస్తే డి విటమిన్ వస్తుందన్న నమ్మకం కూడా బాగా పాతుకుపోయింది. మనుషుల చర్మం చేసే ఆ పని కుక్క చర్మం సరిపడా చేయలేదు. కుక్కకు డి విటమిన్ తిండిలోంచే రావాలి.

ఇంటి తిండితో పెద్ద కుక్కను పెంచవచ్చు. ఎదిగే పిల్లను మాత్రం ఏడాది, ఏడాదిన్నర వచ్చేదాకా పెద్ద జాతి పిల్లల దాణా మీద పెంచడమే మంచిదని నా అభిప్రాయం. పాళ్లలో చిన్న తేడా కూడా ఆ వయసులో ఎముకకు ఎక్కుతుంది. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, తర్వాత రెండుసార్లు. తొందరగా పెరగాలని ఎగదోయకూడదు, నెమ్మదిగా పెరిగినా చివరికి వచ్చే ఎత్తు అంతే. ఏడాది దాటేవరకు బైక్ వెంట పరిగెత్తించడం, మెట్లు ఎక్కిదిగేలా చేయడం, పైనుంచి దూకించడం వద్దు. ఎముకల చివర్లు అప్పటికి ఇంకా మెత్తగానే ఉంటాయి. తనంతట తాను మట్టినేల మీద ఆడుకున్నంత ఆడుకోనివ్వండి.

టీకాలు తెలిసినవే కాబట్టి ఒక్క మాట: డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బుల టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా ఆపకూడదు. మూడు నెలలకు రేబిస్ టీకా. చాలామంది రెండో డోసుతో ఆపేసి పార్వోకు పిల్లను పోగొట్టుకుంటున్నారు.

కడుపు మెలిపడే రాత్రి

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలన్నిటికీ పొంచి ఉండే ప్రమాదం బ్లోట్. కడుపులో గాలి నిండి ఉబ్బుతుంది, ఉబ్బిన కడుపు తన చుట్టూ తాను తిరిగిపోతుంది. రెండు వైపులా దారి మూసుకుపోతుంది, రక్తం ఆగిపోతుంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగకపోతే కుక్క బతకదు.

ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. రాత్రి భోజనం అయిన రెండు మూడు గంటలకు కుక్క ఒకచోట నిలవదు. పడుకుంటుంది, లేస్తుంది, తల తిప్పి తన డొక్క వంక చూసుకుంటుంది. వాంతి చేసుకోబోతున్నట్టు మెడ చాచి డోకుతుంది, కానీ ఏమీ రాదు. వస్తే కాస్త తెల్ల నురుగు, చొంగ. ఎడమ పక్క డొక్క వెనక వేలితో కొడితే బోలుగా మోగుతుంది. చిగుళ్లు పాలిపోతాయి. ఇందులో ముఖ్యమైనది ఒట్టి డోకు. అది కనిపించగానే బండి తీయాలి. సోడా, వాము నీళ్లు తాగించి పొద్దుటిదాకా చూద్దామనుకుంటే పొద్దుటికి కుక్క ఉండదు. రాత్రిపూట ఆపరేషన్ చేసే ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల చుట్టుపక్కల ఉండేవాళ్లు అక్కడ ఏ వేళల్లో ఏ సేవలు దొరుకుతాయో ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు పెద్ద జాతి కుక్కలను ఏళ్ల తరబడి గమనించి కొన్ని కారణాలు గుర్తించారు. రోజుకు ఒక్కసారే కడుపు నిండా పెట్టడం, గబగబా మింగడం, తల్లికో తోబుట్టువుకో ఆ జబ్బు వచ్చి ఉండడం, వయసు పైబడడం. పొడుగు కుక్కకు మెడ నొప్పి పుడుతుందని పళ్లేన్ని స్టూలు మీద పెట్టే అలవాటు కూడా ప్రమాదాన్ని పెంచుతున్నట్టు అదే అధ్యయనంలో కనిపించింది. కాబట్టి రెండు పూటలు, నేల మీద పళ్లెం. ఆబగా తినే కుక్కకు వెడల్పాటి పళ్లెంలో తిండి పరిచి పెట్టడం, తిన్నాక గంటన్నర దాకా పరుగులు లేకుండా చూడడం. ఆడ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నప్పుడే కడుపును పక్క గోడకు కుట్టేయమని డాక్టరును అడగవచ్చు. గాలి నిండడాన్ని అది ఆపదు గానీ, ప్రాణం తీసే ఆ మెలికను దాదాపుగా అడ్డుకుంటుంది.

తెల్ల చర్మం, పిడుదులు, ఎండ

పల్చటి చర్మం, పొట్టి బొచ్చు, అడుగున కొవ్వు లేదు. గచ్చు నేల మీద రోజంతా పడుకుంటే మోచేతుల దగ్గర చర్మం గట్టిపడి కాయలు కాస్తుంది, తర్వాత నీరు చేరి ఉబ్బుతుంది. దళసరి గోనెపట్టా మీద పాత బొంత వేస్తే అది రాదు. ముళ్లకంపకు గీరుకున్నా ఈ చర్మం చీలిపోతుంది, పైకి చిన్నదిగా కనిపించే గాటు లోపల జేబులా విడిపోయి ఉండొచ్చు. వేలితో ఒకసారి చూసుకోండి.

మన వాతావరణంలో అసలు శత్రువు పిడుదు. కుక్క మీద కనిపించే గోధుమరంగు పిడుదు తన జీవితంలో ఎక్కువ కాలం కుక్క ఒంటి మీద ఉండదు. గోడ పగుళ్లలో, కుక్కగూటి చెక్కల సందుల్లో, మంచం కోళ్ల దగ్గర ఉంటుంది. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. అందుకే ఒంటి మీదివి ఏరేసి ఊరుకుంటే వారానికి మళ్లీ ప్రత్యక్షం. కుక్కకు నెలకో మూడు నెలలకో వేసే పిడుదుల మాత్ర, గూటికి పగుళ్లు పూడ్చి మందు కొట్టడం, రెండూ ఒకేసారి జరగాలి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా, బబీసియా జ్వరాలు తెలుగు రాష్ట్రాల్లో కుక్కలను బాగా ఇబ్బంది పెడుతున్నాయి. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, ఎర్రటి మూత్రం కనిపిస్తే రక్తపరీక్ష వెంటనే చేయించాలి. ఎర్లీషియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ కోర్సు మామూలుగా 28 రోజులు. కుక్క వారానికే లేచి గెంతుతుందని మాత్రలు ఆపేయకూడదు.

గజ్జిలో ఒక రకం, డెమోడెక్స్ పురుగు వల్ల వచ్చేది, ఈ జాతిలో తరచూ కనిపిస్తుంది. పిల్ల మొహం మీదో ముందుకాలి మీదో రెండు మూడు చోట్ల బొచ్చు ఊడితే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. ఒళ్లంతా పాకితే మాత్రం రోగనిరోధక శక్తిలో పుట్టుకతో వచ్చిన లోపం ఉందని అర్థం, ఆ కుక్కను పిల్లలు పెట్టించడానికి వాడకూడదు. ఇప్పుడు పిడుదులకు వాడే కొత్త తరం మాత్రల్లో చాలా వాటికే ఈ పురుగూ పోతుంది. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అంచనా మీద పొడిచే అలవాటు మానుకోవాలి. డోసు తప్పితే నరాల మీద దెబ్బ కొడుతుంది.

గులాబీ ముక్కుకు, చెవుల అంచులకు ఎండ నుంచి కాపాడే రంగు లేదు. మధ్యాహ్నం ఎండలో కట్టేస్తే అవి మాడి పొరలు ఊడతాయి, ఏళ్లు గడిచాక పుండ్లుగా మారే ప్రమాదమూ ఉంది. మనం పూసుకునే జింక్ క్రీములు పూయకండి, నాకితే కడుపులోకి పోయి చెడు చేస్తాయి. నీడే మందు. మే నెలలో రాయలసీమలో, తెలంగాణలో 43 డిగ్రీలు పడే రోజుల్లో నడక తెల్లవారకముందే ముగించాలి. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటిందంటే వడదెబ్బ. నాలుక ముదురు ఎరుపు తిరిగి, ఆయాసం ఆగక, నడక తూలుతుంటే ముందు అక్కడికక్కడే ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి ఫ్యాన్ కింద పెట్టండి. చల్లబడడం మొదలయ్యాకే ఆస్పత్రి ప్రయాణం.

తెలుపుతో ముడిపడ్డ ఇంకో సంగతి చెవుడు. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉండి వినికిడికి సాయపడతాయి. అవి లేని పిల్లల్లో పుట్టిన మూడు నాలుగు వారాలకే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతాయి. కొనేముందు పిల్లను ఒంటరిగా నిద్రపోనిచ్చి, దానికి కనిపించకుండా, నేల అదరకుండా, వెనక నుంచి తాళాల గుత్తి మోగించి చూడండి. ఒక చెవి మాత్రమే వినిపించే పిల్లలు ఇలా దొరకవు, వాటికి బేయర్ అనే నరాల పరీక్ష ఉంది. చెవిటి కుక్కను చేతి సైగలతో చక్కగా పెంచవచ్చు. తెలియక "మాట వినట్లేదు" అని కొట్టడం ఆ ప్రాణికి చేసే పెద్ద అన్యాయం.

రోజూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్క కాదిది. ప్రహరీ ఉన్న ఖాళీ స్థలంలో రోజుకు పావుగంటైనా వదిలేస్తే మనసారా దౌడు తీసి వచ్చి పడుకుంటుంది. ప్రహరీ ఆరడుగులు ఉండాలి. రోడ్డు మీద మాత్రం పట్టీ వదలొద్దు. కదిలేది ఏదైనా కంటబడిందంటే పిలుపు చెవికెక్కదు.

రిపోర్టు చదివేటప్పుడు

రాజపాళయం లాగే చూపుతో వేటాడే గ్రేహౌండ్ జాతి మీద ఏళ్ల తరబడి సాగిన పరిశోధనల్లో, ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాటి రక్తం మిగతా కుక్కల్లా ఉండదని తేలింది. ఎర్ర కణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, థైరాయిడ్ హార్మోన్ తక్కువ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కాస్త ఎక్కువ. మామూలు కుక్కలకు ప్లేట్‌లెట్లు 2 నుంచి 5 లక్షలుంటే, నిక్షేపంగా ఉన్న గ్రేహౌండ్‌కు లక్షన్నర లోపు ఉండటం మామూలే. చూపుతో వేటాడే ఇతర జాతుల్లోనూ ఇలాంటి తేడాలు కొన్ని కనిపించాయి. పిడుదుల జ్వరంలోనూ ప్లేట్‌లెట్లే పడిపోతాయి కాబట్టి చిక్కు ఇక్కడే వస్తుంది. లాబ్ కాగితం మీద ఎర్ర అక్షరాల్లో "తక్కువ" అని పడగానే లేని జ్వరానికి కోర్సు మొదలవుతుంది. ఇంకోవైపు ఎర్లీషియాతో రక్తం తగ్గుతున్న కుక్కకు ఎర్ర కణాల అంకె మామూలు కుక్కల హద్దుల్లోనే ఉండి "నార్మల్" అని రావచ్చు. దాని సొంత లెక్క ప్రకారం అది అప్పటికే తగ్గి ఉంటుంది.

దీనికి సులువైన దారి ఉంది. మీ రాజపాళయం రెండేళ్ల వయసులో, ఏ జబ్బూ లేకుండా, పరుగు తీసే రోజుల్లో ఒకసారి పూర్తి రక్తపరీక్ష చేయించి ఆ కాగితాన్ని టీకాల కార్డుతో పాటు దాచండి. తర్వాత ఎప్పుడు జబ్బు చేసినా లాబ్ వాళ్ల హద్దులతో కాకుండా ఆ కాగితంతో పోల్చి చూడమని డాక్టరుకు ఇవ్వండి. ఫోన్‌లో ఫోటో కూడా తీసి ఉంచుకోండి, లాబ్ కాగితాల మీద అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది.

మత్తుమందు విషయం కూడా అదే కార్డు మీద రాసి పెట్టాలి. థయోపెంటోన్ అనే పాతకాలపు మత్తుమందు ఒంట్లోని కొవ్వులోకి చేరి మెల్లగా విరుగుతుంది. కొవ్వు తక్కువగా ఉండి, కాలేయం దాన్ని నెమ్మదిగా కరిగించే గ్రేహౌండ్ లాంటి కుక్కలకు దాని నుంచి తేరుకోవడానికి గంటల తరబడి పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. ప్రొపోఫాల్ వంటివి, గ్యాస్ మత్తు వీటికి నయం. పళ్లు శుభ్రం చేయించడానికి తీసుకెళ్లినా, కుట్లు వేయించడానికి తీసుకెళ్లినా "ఇది హౌండ్ జాతి డాక్టరుగారూ, థయోపెంటోన్ వద్దండి" అని సూది ఎక్కించకముందే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక ఒంటి వేడి పడిపోకుండా దుప్పటి కప్పడం కూడా మర్చిపోవద్దు. కొవ్వు లేని ఒళ్లు ఏసీ గదిలో తొందరగా చల్లబడుతుంది.